తప్పు లేని డ్రైవర్: ఒకే ప్రశ్న మీద ఒక వ్యాసం, ఒక కథ (ప్రాజెక్టు డైరీ)

మే, చివరి వారం

ప్లాన్ చిన్నదే. ఒకే ప్రశ్న తీసుకుని దాని మీద ఒక ఫిలాసఫీ వ్యాసం, ఒక కథ రాయాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి కాదు, రెండూ పక్కపక్కనే. పొద్దున వ్యాసం, రాత్రి కథ. ఏది ఎక్కడ మొరాయిస్తోందో ఇక్కడ రాసుకుంటూ పోవాలి.

ఫిలాసఫీ పాఠాలు చెప్పే స్నేహితుడొకడు "కథకేముంది, ఊహించుకుని రాసేయడమేగా" అంటుంటాడు. కథలు రాసే మావాళ్ళేమో "వాళ్ళకేం, మనుషులు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, నాలుగు వాదనలు పేరిస్తే సరి" అంటారు. అవతలి పనిలో చెయ్యి పెట్టి చూసినవాళ్ళు ఈ రెండు గుంపుల్లోనూ నాకు పెద్దగా కనపడలేదు. నేనూ ఇన్నాళ్ళూ కథల పార్టీయే.

ప్రశ్న కోసం ఎక్కువ వెతకలేదు. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1976లో 'మోరల్ లక్' (నీతిలో అదృష్టం) అని ఒక పత్రం రాశాడు. దానికి బదులుగా అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ అదే పేరుతో ఇంకో పత్రం రాశాడు. విలియమ్స్ పత్రంలో ఒక లారీ డ్రైవర్ వస్తాడు. తన తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు అతని బండి కింద పడతాడు. విలియమ్స్ అనేదేమిటంటే, ఆ డ్రైవర్ పడే బాధ, చూసినవాళ్ళు పడే బాధ ఒకటి కాదు. అదే క్యాబిన్‌లో పక్కన కూర్చున్నవాడి బాధ కూడా వేరే. అందరూ "నీ తప్పేం లేదు" అని ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ వాళ్ళలా అనగానే "అవును, నిజమే" అని దులుపుకుని లేచిపోయే డ్రైవర్‌ను చూస్తే మనకే అదోలా ఉంటుంది. తప్పు లేనివాడు బాధపడటం ఎందుకు? పడకపోతే మనకెందుకు నచ్చదు?

ఈ ప్రశ్న చాలు. లారీలు తిరిగే రోడ్ల పక్కన పెరిగినవాడిని, కథకు సరుకు దొరక్కపోదు.

జూన్, మొదటి వారం

వ్యాసం మొదటి పేరా ఒక్క గుక్కలో వచ్చేసింది:

"ఒక లారీ డ్రైవర్ ఉన్నాడు. జాగ్రత్తగా నడుపుతున్నాడు. బండి కండిషన్‌లో ఉంది. ఒక పిల్లవాడు హఠాత్తుగా అడ్డం వచ్చాడు. డ్రైవర్ తాను చేయగలిగిందంతా చేశాడు. పిల్లవాడు చనిపోయాడు."

డ్రైవర్‌కు పేరు లేదు, వయసు లేదు. ఏ ఊరో తెలియదు. పిల్లవాడు ఎందుకు అడ్డం వచ్చాడో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. వ్యాసం చదివేవాడు "ఎంత స్పీడులో వెళ్తున్నాడు?" అని అడిగితే అది వాడి తప్పు. తప్పు లేదని మొదట్లోనే చెప్పేశాంగా.

రెండో పేరా దగ్గర అసలు పని మొదలైంది. "అయినా అతను బాధపడాలి" అని రాశాను. ఎందుకు పడాలి? చావుకు కారణం అతనే కాబట్టి అన్నాను. కారణాలు చాలా ఉన్నాయి. పిల్లవాడిని కొట్టుకు పంపిన తల్లి ఒక కారణం. రోడ్డు పక్క జువ్వి చెట్టు కొట్టేయని పంచాయతీ ఒక కారణం. వాళ్ళంతా ఇదే బాధ పడాలా? సరే, మంచివాడైతే బాధపడతాడు కాబట్టి అని మార్చాను. అప్పుడు బాధ కాస్తా క్యారెక్టర్ సర్టిఫికెట్ అయిపోయింది. తన మంచితనం కోసం ఏడుస్తున్న మనిషి తయారయ్యాడు. పిల్లవాడి వాళ్ళకు ఆ బాధ అవసరం కాబట్టి అని ఇంకోలా రాశాను. వాళ్ళకు ఎప్పటికీ తెలియకపోతే? పట్టించుకోనక్కర్లేదా?

ఎదురుగా జర్మన్ తత్వవేత్త కాంట్ ఒకడు. మంచి సంకల్పం ఏమీ సాధించలేకపోయినా తనంతట తానే రత్నంలా మెరుస్తుందని 1785లో రాసిపెట్టాడు. ఫలితంతో సంకల్పం విలువ పెరగదు, తరగదు. ఆ లెక్కన నా డ్రైవర్ హాయిగా అన్నం తిని పడుకోవచ్చు. కాంట్‌ను కాదనాలంటే ఎక్కడ కాదంటున్నానో చూపించాలి, ఊరికే "మనసు ఒప్పుకోదు" అంటే కుదరదు. మనసు ఒప్పుకోకపోవడమే కదా నేను వివరించాల్సింది.

వారమంతా ఈ ఒక్క పేరా. ఏ వాక్యం రాసినా దాని పక్క వాక్యమే లేచి ఎదురు తిరుగుతోంది. ఒక మాట మాత్రం స్నేహితుడి వైపు రాసుకోవాలి: కథలో ఇంతసేపు ఒకే చోట నిలబెట్టి నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

జూన్, రెండో వారం

కథ మొదలుపెట్టాను. కైకలూరు నుంచి చేపల లోడు వేసుకుని వెళ్ళే బండి. తెల్లవారుజాము, పొగమంచు, రోడ్డుకు రెండు పక్కలా చెరువులు. నాకు బాగా తెలిసిన రోడ్డు. అరపేజీ హాయిగా నడిచింది.

అక్కడ బండి ఆగింది. చేపల లోడు అంటే ఐసు. ఐసు కరిగితే సరుకు పోతుంది, టైముకు చేరకపోతే కిరాయిలో కోత పడుతుంది. అంటే డ్రైవర్‌కు తొందర ఉంది. తొందర ఉన్నవాడిని తప్పు లేనివాడని ఎలా అనను? లోడు మార్చాను. సిమెంటు. సిమెంటంటే బరువు ఎంత వేశారన్న అనుమానం వస్తుంది. పోనీ ఖాళీ బండి అనుకున్నాను. పొగమంచు ఉంటే నెమ్మదిగా పోవాల్సింది కదా అని ఇంకో గొంతు. పొగమంచు తీసేశాను. ఎండ పెట్టాను. ఎండ కళ్ళలో పడిందంటే అది సాకులా ఉంది.

వ్యాసంలో ఒక్క వాక్యంతో సంపాదించిన నిర్దోషిత్వం ఇక్కడ ఎంత రాసినా దొరకడం లేదు. డ్రైవర్ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో రాస్తే ఆ అంకె మీద అనుమానం. రాయకపోతే దాచానని అనుమానం. కథలో పెట్టిన ప్రతి వస్తువూ ఏదో ఒక పక్షాన సాక్ష్యం చెబుతోంది. లోకంలో తప్పు అనేది వేరే పెట్టెలో ఉండదు, నిద్రలో, లోడులో, టైర్లలో కొంచెం కొంచెం కలిసి ఉంటుంది. ఫిలాసఫీ దాన్ని వడగట్టి పక్కన పెట్టేస్తుంది. కథకు ఆ వెసులుబాటు లేదు.

ఇది చూసుకున్నాక ఒక అనుమానం వ్యాసం మీదికీ పాకింది. విలియమ్స్ చెప్పిన డ్రైవర్ అసలు ఎక్కడైనా ఉన్నాడా?

అదే వారం, ఆటోనగర్ నుంచి వచ్చాక

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, జీవితమంతా లారీ తోలారు. అందరం బాబాయ్ అంటాం. ఆయన కొడుకు ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డు నడుపుతున్నాడు. సాయంత్రాలు ఆయన అక్కడే కూర్చుంటారు. కథ గురించి చెప్పి, డ్రైవర్ తప్పు ఏమాత్రం లేకుండా యాక్సిడెంట్ ఎలా రాయాలి బాబాయ్ అని అడిగాను.

"ఖాళీ బండి పెట్టావా? మరీ చెడ్డది. లోడు బండి రోడ్డును పట్టుకుని ఉంటుంది. ఖాళీ బండి సడన్ బ్రేకు కొడితే ఎగిరి జారుతుంది" అన్నారు ముందు. తర్వాత కాసేపు ఊరుకుని, "నలభైలో వెళ్తున్నావనుకో. కన్ను చూసి కాలు బ్రేకు మీదికి వచ్చేలోపు బండి ఎంత పోతుంది?" అన్నారు.

లెక్క వేశాను. గంటకు నలభై కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 11 మీటర్లు. ఒక్క సెకను ఆలస్యమైతే మూడు కార్ల పొడవు దూరం బ్రేకు పడకుండానే పోతుంది.

"ఆ పదకొండు మీటర్లలో ఉన్నవాడికి ఎవడూ ఏం చేయలేడు. బ్రేకు పడింది, బండి ఆగింది. కాకపోతే ఆగేలోపల అయిపోయింది. అంతే రాయి."

అంతే రాశాను. ధాన్యం బస్తాల లోడు, బరువు కాటా వేయించిన చీటీ, ఊళ్ళో నలభై. నిద్ర గురించి ఏమీ రాయలేదు.

ఇంకో మాట కూడా ఆయన దగ్గర దొరికింది. యాక్సిడెంట్ అయిన బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. బండిలో మెకానికల్ లోపం లేదు, ప్రమాదం దానివల్ల జరగలేదు అని రిపోర్టు రాస్తాడు. వినడానికి మంచి మాటే. డ్రైవర్‌కు మాత్రం గుండెలో రాయి పడుతుంది. బండిలో లోపం లేదంటే ఇక మిగిలింది ఎవరు? కాగితంలో 'ఎవరి తప్పూ లేదు' అన్న గడి లేదు.

ఈ రిపోర్టు కథలోకి నేరుగా వెళ్ళిపోయింది. ఒక్క అక్షరం అల్లాల్సిన పని పడలేదు.

జూన్, మూడో వారం

వ్యాసంలో చట్టానికి ఒక చిన్న భాగం ఇవ్వాలనుకున్నాను. చదువుతుంటే అనుకున్నదానికన్నా సరుకు దొరికింది.

నిర్లక్ష్యం వల్ల చావుకు కారణమైతే పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్ళ వరకు జైలు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ళ వరకు. గుద్ది, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు అన్న 106(2) మీద 2024 జనవరిలో దేశమంతా లారీ డ్రైవర్లు బళ్ళు ఆపేశారు. ఆ ఉపవిభాగాన్ని మిగతా వాటితో పాటు అమల్లోకి తేలేదు. డ్రైవర్లు చెప్పిందేమిటి? ఆగితే జనం చంపేస్తారు, అందుకే పారిపోతాం అని. 1988 మోటారు వాహనాల చట్టానికి ఈ సంగతి ముందే తెలుసు. దెబ్బ తగిలినవాడికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత అని చెప్పే 134వ సెక్షన్, జనాగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అని మినహాయింపు కూడా రాసుకుంది.

నా ప్రశ్నకు బాగా దగ్గరగా వచ్చింది 164వ సెక్షన్. ఎవరి తప్పు అని నిరూపించక్కర్లేకుండా చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు. ఇచ్చేది బండి ఓనరు లేదా ఇన్సూరెన్స్ కంపెనీ. అంటే తప్పు లేకపోయినా బాకీ ఉంటుందని చట్టం ఒప్పుకుంది. ఆ బాకీ తీర్చేవాళ్ళ జాబితాలో డ్రైవర్ మాత్రం లేడు. ఓనరు కట్టిన ప్రీమియం నుంచి డబ్బు వెళ్ళిపోతుంది. అతను ఇవ్వడానికి ఏమీ మిగలదు, ఇవ్వాలన్నది మాత్రం మిగిలిపోతుంది.

వ్యాసంలో నాకు దారి దొరికింది ఇక్కడే. అతని బాధ శిక్ష కాదు, సర్టిఫికెట్ కాదు, తీర్చే వీలు లేని బాకీ. ఈ వాక్యం మీద ఎవరైనా దాడి చేస్తారు, చేయనీ. మొదటిసారి నిలబడి కాసుకోగలిగే వాక్యం ఒకటి దొరికింది.

బాబాయ్‌ను అడిగాను, ఆ ఇంటికి డ్రైవర్ వెళ్తాడా అని. "వెళ్ళాలనే ఉంటుంది. ఏం పట్టుకెళ్తాం? చేతులు ఖాళీగా వెళ్ళలేం, నింపుకునీ వెళ్ళలేం" అన్నారు. నేను వ్యాసంలో రెండు పేజీల్లో చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. దాన్ని వ్యాసంలో పెట్టాలా, కథలో పెట్టాలా అని ఒక పూట కొట్టుకున్నాను. వ్యాసంలో పెడితే అలంకారంలా ఉంది, దాని తర్వాత నా వాదన వెలవెలబోతోంది. కథలో పెడితే డ్రైవర్ మరీ తెలివిగా మాట్లాడినట్టుంది. చివరికి ఎక్కడా పెట్టలేదు. ఈ డైరీలో ఉండనీ.

జూన్, నెలాఖరు

దశరథుడి దగ్గరకు వెళ్ళక తప్పలేదు. అయోధ్యకాండలో రాముడు అడవికి వెళ్ళిన ఆరో రాత్రి, నడిజామున, దశరథుడు కౌసల్యకు ఎప్పటిదో ఒక సంగతి చెబుతాడు. అప్పటికి వాళ్ళ పెళ్ళి కాలేదు, తాను యువరాజు. వానాకాలం. సరయూ ఒడ్డున చీకట్లో ఏనుగు నీళ్ళు తాగుతున్న చప్పుడు అనుకుని బాణం వేశాడు. అది కుండ నిండుతున్న చప్పుడు. బాణం తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్ళు తెచ్చే కుర్రవాడికి.

ఈ ఘట్టాన్ని ఈసారి రాసేవాడి కళ్ళతో చదివాను. వాల్మీకి దశరథుడిని తప్పు లేనివాడిగా రాయలేదు. చప్పుడు విని కొట్టగలనన్న పేరు ఉంది అతనికి, ఆ పేరంటే మోజు ఉంది. చీకట్లో కనపడని దాని మీద బాణం వేశాడు. హత్య చేయాలని లేదు, నిజమే. పూర్తిగా అమాయకుడు కూడా కాదు. కథల్లో ఇంతకన్నా శుభ్రమైన మనిషి నిలబడడేమో.

ఇంకో వింత. ఆ తండ్రి శాపంలో ఒక మొత్తం ధర్మశాస్త్ర చర్చ ఉంది. నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి బతికిపోయావు, చెప్పకుండా ఉంటే నీ తల వక్కలయ్యేది అంటాడు. తెలియక చేశావు కాబట్టి ఇంకా ప్రాణంతో ఉన్నావంటాడు. ఒప్పుకోవడానికి కొంత తగ్గింపు, తెలియకపోవడానికి కొంత తగ్గింపు. అయినా శాపం మాత్రం తప్పలేదు: నువ్వూ కొడుకు కోసం ఏడుస్తూ పోతావు. తప్పు తగ్గినా బాకీ తగ్గలేదు. నేను చట్టం పుస్తకాల్లో తిరిగి తిరిగి పట్టుకున్న వాక్యం అక్కడ కొడుకు పోయిన ముసలివాడి నోట ఉంది. ఆ మాటలకు ముందు ఆ గుడ్డివాళ్ళిద్దరినీ శవం దగ్గరికి నడిపించుకుని వెళ్ళింది దశరథుడే. ఆ నడక చదివాక శాపంలోని తర్కాన్ని ఎవరూ తర్కంగా వినరు.

వ్యాసంలో ఈ ఘట్టానికి ఒక పేరా ఇచ్చాను. కథ మీద దీని నీడ పడకుండా చూసుకోవాలి. తండ్రి శాపం, తల్లి శోకం లాంటివి పెడితే ఎక్కడి నుంచి వచ్చాయో తెలుగు పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

జులై, మొదటి వారం

ఈ వారంలో జరిగింది కాస్త వివరంగా రాయాలి.

డ్రైవర్ లోపలి నుంచి రాస్తుంటే కథ ముందుకు కదలడం లేదు. అతను ఏం ఆలోచించినా వ్యాసంలాగే ఉంటోంది. "నా తప్పు లేదు, అయినా..." అని అతని చేత అనిపించిన ప్రతిసారీ నా పొద్దుటి గొంతు వినిపిస్తోంది. అందుకని చూపు మార్చాను. క్లీనర్ చెబుతాడు కథ. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, డ్రైవర్‌ను అన్నా అంటాడు. విలియమ్స్ చెప్పిన, క్యాబిన్‌లో పక్కన కూర్చున్న మనిషి మన లారీలో క్లీనరే కదా. చూసేవాడి బాధ వేరు, చేసినవాడి బాధ వేరు అన్నది ఈ కుర్రాడి కళ్ళలోంచి తేలిగ్గా చూపించవచ్చు అనుకున్నాను. ఇలా రాశాను:

"బండి ఆగాక అన్న స్టీరింగ్ వదల్లేదు. నేను తలుపు తీసి దూకాను. కొట్టు ముందు ఉన్నవాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. నీ తప్పు లేదన్నా, నేను చూశాను కదా అన్నాను. అన్న నా వైపు తిరిగి, ఎటు నుంచి వచ్చాడ్రా అన్నాడు. ఎడమ పక్క నుంచి అన్నాను."

ఎడమ పక్క అని మామూలుగానే రాశాను. మన రోడ్ల మీద బండి ఎడమ వైపు పోతుంది, డ్రైవర్ కుడి పక్కన కూర్చుంటాడు. కొట్టు ఎడమ పక్క ఉంది, పిల్లవాడు అటు నుంచే రావాలి. రాసి పడుకున్నాను. పొద్దున చదివితే వెన్ను జలదరించింది. ఎడమ పక్క చూడటం క్లీనర్ పని. అద్దంలో కనపడని పక్కను చూసి, "రానీ, రానీ, రైట్" అని చెప్పడానికే అతను ఆ సీట్లో ఉన్నాడు. అతను చూసేవాడు కాదు. చూడటమే ఉద్యోగమైన వాడు.

అంటే విలియమ్స్ గీసిన గీత మన లారీలో నిలబడదు. క్యాబిన్‌లో చూసేవాడంటూ ఎవరూ లేరు. "నేను చూశాను కదా" అన్న ఓదార్పు ఆ కుర్రాడి నోట నేరాంగీకారంలా వినపడుతోంది. ఆ మాట అతను గ్రహించి అన్నాడా, గ్రహించకుండా అన్నాడా? నాకు తెలియదు. తెలుసుకోకుండానే రాయాలి.

వ్యాసం మూడో భాగం మొత్తం చేసినవాడు, చూసినవాడు అన్న తేడా మీద కట్టాను. అది తీసి మళ్ళీ కట్టాలి. చేతకీ చూపుకీ మధ్య ఒక మెట్టు ఉంది, తన వంతు పని ఉన్నవాడి మెట్టు. ఫిలాసఫీ రాస్తూ కూర్చుంటే ఇది నాకు తట్టేది కాదు. ఎందుకంటే ఆ వ్యాసంలో లారీకి ఎడమ, కుడి లేవు.

జులై, రెండో వారం

మూడో భాగం. కదల్లేదు.

జులై, మూడో వారం

రెండూ చదివించాను. ఫిలాసఫీ స్నేహితుడికి వ్యాసం ఇచ్చాను, కథలు బాగా చదివే మా అక్కకు కథ.

స్నేహితుడు వ్యాసం నిండా గీతలు గీశాడు. నాలుగో పేజీలో బాకీ అన్నావు, బాకీ అంటే ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఉండాలి, ఇక్కడ ఎవరు ఏం ఇచ్చారు? ఆరో పేజీలో చట్టం ఒప్పుకుంది కాబట్టి నీతి ఒప్పుకోవాలన్నట్టు జారిపోయావు. దశరథుడి ఉదాహరణలో నిర్లక్ష్యం ఉందని నువ్వే అన్నావు, మరి తప్పు లేనివాడి గురించిన వాదనకు అతను ఎలా సాక్ష్యం? అన్నీ న్యాయమైనవే. వాడు వెళ్ళిపోయాక కూర్చుంటే ఏ పేజీలో ఏం చేయాలో స్పష్టంగా ఉంది. కొన్నిటికి జవాబు లేదు, అలాంటప్పుడు మాట తగ్గించుకుని రాయాలి. కష్టమే, కానీ దేనితో తలపడుతున్నానో కళ్ళముందు ఉంది.

అక్క కథ చదివి, "బాగానే ఉందిరా" అంది. ఆ 'బాగానే' విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఏం తగ్గిందక్కా అంటే, "ఏమో, యాక్సిడెంట్ వరకు ఊపిరి బిగబట్టి చదివాను. తర్వాత నువ్వేదో చెప్పాలనుకుంటున్నావని తెలిసిపోయింది" అంది. ఎక్కడ తెలిసింది? చెప్పలేదు. చెప్పలేకపోవడం ఆమె తప్పు కాదు. వ్యాసంలో తెగిన చోటు వేలుపెట్టి చూపించవచ్చు. కథలో తెగిన చోటు ఒకటుంటుంది, దాని నొప్పి ఇంకెక్కడో బయటపడుతుంది.

ఐరిస్ మర్డోక్ రెండూ రాసిన మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలాసఫీ చెబుతూ నవలలు రాసింది. బ్రయన్ మెగీతో జరిగిన టీవీ సంభాషణలో ఆమె చెప్పింది నాకు ఇప్పుడు బోధపడుతోంది. సాహిత్యం రాసేవారు పాఠకుడు ఆడుకోవడానికి కావాలనే కొంత ఖాళీ వదులుతారు, తత్వవేత్త ఎక్కడా ఖాళీ వదలకూడదు అని. నేను కథలో ఆ ఖాళీని యాక్సిడెంట్ తర్వాత పూడ్చేసుకుంటూ పోయాను. క్లీనర్ చేత ఆలోచింపజేశాను. రెండు పేజీల ఆలోచన కొట్టేశాను. అందులో నాకు బాగా నచ్చిన పేరా కూడా పోయింది.

జులై, చివరి వారం

కొట్టేసిన చోట ఏదో జరగాలి, ఆలోచన కాదు. రాశాను. కొన్ని నెలల తర్వాత అదే రోడ్డు, అదే బండి. ఆ ఊరు వచ్చే ముందు డ్రైవర్ బండి పక్కకు తీసి ఆపుతాడు. "ఆ ఊరు దాటేదాకా నువ్వు తోలు" అని దిగి అటు వైపు వచ్చి కూర్చుంటాడు. క్లీనర్లు డ్రైవర్లయ్యేది ఇలాగే, ఖాళీ రోడ్డు మీద అన్న పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తేనే. కానీ ఈ కుర్రాడికి ఇంకా లైసెన్స్ లేదు, చేయి కుదరలేదు. ఊరు మధ్యలో నుంచి తోలతాడు. డ్రైవర్ ఎడమ పక్క కిటికీలోంచి తల బయటపెట్టి కొట్టు వైపు చూస్తూ "రానీ, రానీ" అంటుంటాడు. ఏమీ జరగదు. ఊరు దాటిపోతుంది. కథ అక్కడ అయిపోయింది.

రాశాక తెలిసింది ఇక్కడ ఏం జరిగిందో. మొదటిసారి తప్పు లేదు, ప్రాణం పోయింది. రెండోసారి తప్పు ఉంది, లైసెన్స్ లేని కుర్రాడికి లోడు బండి ఇవ్వడం చిన్న తప్పేమీ కాదు, ఏమీ జరగలేదు. మొదటిదానికి స్టేషన్, రిపోర్టు, కోర్టు వాయిదాలు. రెండోదానికి ఒక టీ కూడా ఖర్చు కాలేదు. నేగెల్ పత్రంలో సరిగ్గా ఈ రెండో సగం ఉంది: తాగి బండి నడిపినవాడు ఎవరినీ గుద్దకుండా ఇల్లు చేరితే, అదే పని చేసి మనిషిని చంపినవాడికన్నా మంచివాడా? నేను దాన్ని వ్యాసంలో ఐదో భాగానికి దాచుకున్నాను. కథ నన్ను అడక్కుండానే అక్కడికి వెళ్ళిపోయింది. డ్రైవర్‌కు ఆ ఊళ్ళో స్టీరింగ్ పట్టుకోవడం వశం కాదు, అంతే. అతని బాధే అతని చేత కొత్త తప్పు చేయించింది. ఈ ముక్క నేగెల్‌లో లేదు, విలియమ్స్ పత్రంలోనూ నాకు కనపడలేదు.

అక్కకు మళ్ళీ ఇచ్చాను. చదివి ఏమీ అనలేదు, "వాడికి లైసెన్స్ వచ్చిందా తర్వాత?" అని అడిగింది. పనయింది.

ఆగస్టు

ఏది కష్టం అన్నదానికి ప్రస్తుతానికి నా ఓటు కథకే. వ్యాసం నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది, ఎక్కువసార్లు ఓడించింది, ఒప్పుకుంటాను. రోజు గడిచేసరికి ఒక్క వాక్యం మిగిలిన రోజులు దాని ఖాతాలోనే ఎక్కువ. కానీ వ్యాసంలో నాకు అధికారం ఉంది. తప్పు లేదనుకుందాం అంటే తప్పు లేదు. కథలో ఆ అధికారం లేదు, లోడు దగ్గర నుంచి సీటు దాకా ఏది పెట్టినా అది తన మాట తాను చెబుతుంది, నేను దాని వెంట పోవాలి. స్నేహితుడు ఒప్పుకోలేదు. "నీకు కథ అలవాటు కాబట్టి దానిలో లోతుకు పోయావు, అందుకే అక్కడ కష్టం కనపడింది. వ్యాసంలో నువ్వింకా మోకాలి లోతు నీళ్ళలోనే ఉన్నావు" అన్నాడు. ఈ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు.

ప్రచురణ సంగతి. రెండూ కలిపి ఒకే చోట ఇద్దామన్నది మొదటి ప్లాన్. దాన్ని మానుకున్నాను. ఫ్రెంచి రచయిత కామూ 1942లో 'అపరిచితుడు' నవల, 'సిసిఫస్ పురాణం' వ్యాసం రెండూ అచ్చు వేయించాడు. మరుసటి సంవత్సరం తత్వవేత్త సార్త్ర్ ఆ నవల మీద పెద్ద వ్యాసం రాస్తూ, సిసిఫస్ వ్యాసాన్ని పక్కన పెట్టుకుని నవలను వివరించాడు. అప్పటి నుంచి చాలామంది నవలకు గైడులా ఆ వ్యాసాన్ని తిరగేస్తూనే ఉన్నారు. కామూ నవల తట్టుకుంది. నా కథ పన్నెండు పేజీలది, తట్టుకోలేదు. మన గోపీచంద్ నవలలూ రాశారు, తత్వవేత్తలను పరిచయం చేస్తూ వ్యాసాలూ రాశారు. ఆయన నవలల్ని వాటి పాటికి వాటిని చదువుతాం. అదే మేలు.

కథ ముందు వెళ్తుంది. ఒక పత్రికకు పంపడానికి టైపు చేయిస్తున్నాను, బాబాయ్ మాటలున్న చోట యాస ఒకసారి సరిచూడాలి. వ్యాసంలో బాకీ గురించిన అభ్యంతరానికి ఇంకా జవాబు రాయాలి, దశరథుడి పేరాను ఐదో భాగంలోకి మార్చాలి, క్లీనర్ గురించిన భాగంలో నా కథ ప్రస్తావన లేకుండా ఆ వాదనను నిలబెట్టాలి. చివరిది ఎలా చేయాలో ఇంకా తోచలేదు. పేరు లేని క్లీనర్‌తో మళ్ళీ మొదలుపెట్టాలి.